పంజరం కొనే ముందు

(మహిళల రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



పరీక్షలు అయిపోయి పిల్లలు ఇంటిపట్టున ఉండే రోజులు వస్తే చాలు, "అమ్మా, మనం చిలకని పెంచుకుందామే" అనే పాట చాలా ఇళ్లల్లో మొదలవుతుంది. కుక్క అంటే అపార్టుమెంటులో నలుగురూ ఒప్పుకోవాలి. పిల్లి అంటే పాలగిన్నె గురించి భయం. చేపలు చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి గాని పిలిస్తే పలకవు. పక్షి అయితే ఓ మూల పంజరంలో పడి ఉంటుంది, నాలుగు గింజలు వేస్తే సరిపోతుంది కదా అని మనమూ మెత్తబడతాం. ఆదివారం పూట తండ్రీ పిల్లలూ కలిసి వెళ్లి పంజరమూ పక్షులూ పట్టుకొచ్చేస్తారు. నెల తిరగకుండా పిల్లలకు ఆ మోజు తీరుతుంది. ఆ తర్వాత నీళ్లు మార్చేదెవరు? రెట్ట తుడిచేదెవరు? ఊరెళ్లాల్సి వస్తే పక్కింటావిడను బతిమాలుకునేదెవరు? మనమే కదండీ!

అంచేత పక్షిని ఎంచుకునే మాట కూడా మనదే కావాలంటాను నేను. కొట్లో రంగులు చూసి ఎంచుకోవడం కాదు, మన ఇంటి గడియారం చూసి ఎంచుకోవాలి. ఆ పక్షికి రోజుకి మన సమయం ఎంత కావాలి? దాని అరుపు మన ఇంటికి పడుతుందా? మన ఇంటి గాలి దానికీ, దాని ఈకల పొడి మనకీ పడతాయా? అది ఎన్నేళ్లు బతుకుతుంది? ఈ నాలుగు ప్రశ్నలకీ జవాబు చెప్పుకున్నాకే పంజరం కొనాలి. ఆ వివరాలే ఈ వేళ మాట్లాడుకుందాం.

ముందుగా రామచిలుక సంగతి

చిలక అనగానే మన కళ్ల ముందు మెదిలేది పచ్చటి ఒళ్లు, ఎర్రటి ముక్కు, మెళ్లో గులాబిరంగు కంటె ఉన్న రామచిలుకే. మధుర మీనాక్షి చేతిలో ఉన్నది అదే, మన్మథుడు ఎక్కి తిరిగేదీ అదే. మన ముగ్గుల్లో, చీరల అంచుల్లో, పెళ్లి పందిళ్ల అలంకారంలో ఎక్కడ చూసినా అదే. కాని దాన్ని పంజరంలో పెట్టి పెంచడం మన దేశంలో నేరం. ఈ మాట ఇప్పటికీ చాలామందికి తెలియదు. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం మన అడవి పక్షుల్ని కాపాడడానికి వచ్చింది. 1990-91 నుంచి మన దేశపు చిలకల్ని పట్టడమూ, అమ్మడమూ నిషిద్ధం. 2022లో ఆ చట్టాన్ని సవరించారు. ఇలాంటి నేరానికి మామూలుగా మూడేళ్ల దాకా జైలు గాని, లక్ష రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. "మేము పట్టలేదండీ, డబ్బిచ్చి కొనుక్కున్నాం" అంటే తప్పించుకోవడానికి లేదు. రామచిలుకే కాదు, భుజం మీద ఎర్రమచ్చ ఉండే పెద్ద చిలక, తల ఎరుపూ ఊదా కలిసి ఉండే చిన్న చిలక, ఇవన్నీ ఆ లెక్కలోవే.

చట్టం మాట పక్కన పెట్టి అసలు కారణం చూడండి. రామచిలుక చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది. చలికాలం చివరి నుంచి వేసవి దాకా దానికి పిల్లల కాలం. కళ్లు సరిగా తెరవని కూనల్ని తొర్రలోంచి లాగి, బుట్టల్లో కుక్కి పట్నాలకు చేరుస్తారు. దారిలో చచ్చేవి చావగా మిగిలినవే మన కంటికి కనిపిస్తాయి. మంద కట్టి మైళ్లకు మైళ్లు ఎగిరే పక్షి అది. దానికి జానెడు ఇనుప గూడు ఇచ్చి, జాంపండు ముక్క పెట్టి, బాగా చూసుకుంటున్నాం అనుకుంటాం.

భక్త రామదాసు కథ మనందరికీ తెలిసిందే. పూర్వజన్మలో ఒక చిలకను పన్నెండు రోజులు పంజరంలో బంధించినందుకే ఈ జన్మలో గోలకొండ చెరసాలలో పన్నెండేళ్లు మగ్గాడని మన పెద్దవాళ్లు చెబుతారు. రోజుకి ఏడాది చొప్పున! చట్టం రాకముందే మనవాళ్లు శిక్ష ఖరారు చేసేశారన్నమాట.

ఇప్పటికే ఇంట్లో రామచిలుక ఉన్నవాళ్లు ఏం చెయ్యాలి? తలుపు తీసి వదిలేయకండి. ఎగరడం మరిచిపోయిన పక్షి కాకులకో పిల్లికో చిక్కుతుంది. అటవీ శాఖ వారికి కబురుపెట్టి అప్పగించడమే సరైన పద్ధతి.

మరి ఏవి పెంచుకోవచ్చు?

తరతరాలుగా మనుషుల దగ్గరే గుడ్లు పెట్టి, మనుషుల దగ్గరే పెరుగుతున్న పరదేశపు చిట్టి చిలకలు కొన్ని ఉన్నాయి. మన ఊళ్లల్లో ఎక్కువగా అమ్మేవి మూడు. ఒకటి బడ్జెరిగార్, ముద్దుగా బడ్జీ అంటారు. రెండోది లవ్ బర్డ్. మూడోది కాకటీల్.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. మన కొట్లల్లో "లవ్ బర్డ్స్" అని చూపించేవి చాలావరకు లవ్ బర్డ్స్ కావు, బడ్జీలు. జంటగా అమ్ముతారు, పక్కపక్కన కూర్చుని ముక్కులు రాసుకుంటాయి కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. పేరుదేముందండీ, ఏదైతేనేం అనుకోకండి. రెండింటి స్వభావమూ వేరు, బలమూ వేరు. ఒకదాని పంజరంలో ఇంకోదాన్ని పెడితే రక్తాలు కారేదాకా వెళుతుంది.

గుర్తుపట్టడం తేలికే. బడ్జీ సన్నగా, పొడుగు తోకతో ఉంటుంది. తల మీదా రెక్కల మీదా అలలు అలలుగా నల్లటి చారలు ఉంటాయి. ముక్కు చిన్నది, ఈకల్లో దాక్కున్నట్టు ఉంటుంది. లవ్ బర్డ్ బొద్దుగా ఉంటుంది, తోక పొట్టి, కొక్కెంలాంటి పెద్ద ముక్కు, అలల చారలు ఉండవు. కాకటీల్‌కి నెత్తి మీద కుచ్చు ఉంటుంది, బుగ్గ మీద నారింజ రంగు బొట్టు ఉంటుంది. ఇది తెలుసుకుని వెళ్లారంటే కొట్టువాడు కూడా మీతో కాస్త జాగ్రత్తగా మాట్లాడతాడు.

బడ్జీ

దీని స్వస్థలం ఆస్ట్రేలియా. అక్కడి ఎండు నేలల్లో గడ్డిగింజలు తింటూ గుంపులు గుంపులుగా తిరుగుతుంది. అడవిలో ఉండేది ఆకుపచ్చదే. మనం చూసే నీలం, పసుపు, తెలుపు రంగులన్నీ మనుషులు పెంచుతూ వచ్చినవి. జాన్ గౌల్డ్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు 1840లో ప్రాణంతో ఉన్న బడ్జీలను ఇంగ్లండుకి తీసుకెళ్లాడు. అక్కణ్ణుంచి ప్రపంచమంతా పాకింది. జానెడు కంటే తక్కువ పొడుగు, ముప్ఫై నలభై గ్రాముల బరువు. అంటే మన కోడిగుడ్డు కంటే తేలిక!

రోజంతా కిచకిచమంటూనే ఉంటుంది గాని గోడ అవతలికి వినిపించి పోట్లాట తెచ్చేంత గోల చెయ్యదు. మగ బడ్జీకి ఓపిగ్గా నేర్పితే మాటలు వస్తాయి. గొంతు మాత్రం సన్నగా, గబగబా గొణిగినట్టు ఉంటుంది. 1994లో చనిపోయిన పక్ అనే ఒక బడ్జీ 1728 మాటలు పలికేదని గిన్నెస్ రికార్డుల్లోకి ఎక్కింది. మన ఇంటి బడ్జీ "అమ్మా" అంటే మనకదే పదివేలు. చిలక్కి చెప్పినట్టు చెప్పడం అంటే ఏమిటో అప్పుడు తెలిసొస్తుంది!

ఆడా మగా తెలుసుకోవడం కూడా సులువే. ముక్కుపుటాల చుట్టూ మెత్తటి పట్టీ ఉంటుంది చూడండి, పెద్ద పక్షుల్లో అది నీలంగా ఉంటే మగది, గోధుమరంగుగా ఉంటే ఆడది. తెల్లవాటిలోనూ పసుపువాటిలోనూ ఈ గుర్తు సరిగా తెలియదు. పిల్లబడ్జీకి నుదుటి మీది చారలు ముక్కు దాకా దిగి ఉంటాయి. మూడు నాలుగు నెలలు వచ్చేసరికి నుదురు తేటపడుతుంది. చేతికి మచ్చిక కావాలంటే చారలు ఇంకా ఉన్న పిల్లనే తెచ్చుకోవాలి.

జంటగా ఉంటే అవి ఒకదానికొకటి తోడు. పొద్దున్న ఒక అరగంట, సాయంత్రం ఒక అరగంట మనం ఇస్తే చాలు. ఒంటరి బడ్జీ త్వరగా మచ్చిక అవుతుంది, నిజమే. కాని అప్పుడు దానికి తోడు మనమే. రోజుకి రెండు మూడు గంటలైనా దానితో గడపలేనివాళ్లు ఒంటరిదాన్ని తేవడం అన్యాయం. అయిదు నుంచి పదేళ్లు బతుకుతుంది.

లవ్ బర్డ్

అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. మొత్తం తొమ్మిది జాతులు. ఎనిమిది ఆఫ్రికా ఖండంలోవి, ఒకటి పక్కనున్న మడగాస్కర్ దీవిది. మన దగ్గర అమ్మేవాటిలో ముఖం గులాబిరంగులో ఉండే జాతి నమీబియా, అంగోలా ప్రాంతాలది. కంటి చుట్టూ తెల్లటి రింగు ఉండే ఫిషర్స్ జాతి, తల నల్లగా ఉండే మాస్క్‌డ్ జాతి టాంజానియావి.

పేరులో ప్రేమ ఉంది గాని చేష్టల్లో రాక్షసత్వం ఉంది ఈ పక్షికి! తన జంట మీద ఎంత ప్రేమో, పైవాళ్ల మీద అంత కోపం. చిన్న పక్షుల కాళ్లవేళ్లు కొరికేస్తుంది, పిల్లల వేళ్లు కూడా. గొంతు కీచుగా, గుచ్చుకునేటట్టు ఉంటుంది. మాటలు రావడం చాలా అరుదు. ఆడా మగా పైకి ఒకేలా ఉంటాయి, ఈకనో రక్తపు చుక్కనో పరీక్ష చేయిస్తే గాని తెలియదు.

అలాగని దీనిలో అందం లేదనను. గులాబిముఖం ఆడపక్షికి కాగితం ఇస్తే, కత్తెరతో కోసినట్టు సన్నటి పీలికలు కొరికి, వాటిని నడుం మీది ఈకల్లో దోపుకుని గూటికి మోసుకెళుతుంది. జడలో పూలు దోపుకుంటున్న ఆడపిల్లను చూసినట్టే ఉంటుంది. తీరిగ్గా కూర్చుని చూసే ఇంట్లో ఇది మంచి కాలక్షేపమే. చంటిపిల్లలున్న ఇంట్లో మాత్రం వద్దు. పది పదిహేనేళ్లు బతుకుతుంది.

జంటలో ఒకటి చనిపోతే రెండోది బెంగతో చచ్చిపోతుందని ఒక నమ్మకం ఉంది. అది నిజం కాదు. దిగులు పడుతుంది గాని, మనం తోడిస్తే కోలుకుంటుంది.

కాకటీల్

ఇదీ ఆస్ట్రేలియాదే. కాకటూల కుటుంబంలో అందరికంటే చిన్నది. అడుగు పొడుగు, వంద గ్రాముల లోపు బరువు. నెత్తి మీది కుచ్చుని చూసి దాని మనసు చదవొచ్చు. భయపడినా ఆశ్చర్యపోయినా నిటారుగా లేస్తుంది, హాయిగా ఉంటే కాస్త వెనక్కి వాలుతుంది, కోపం వస్తే నెత్తికి అంటుకుపోతుంది. ఈ మూడింటిలో మనిషికి బాగా చేరువయ్యేది ఇదే. భుజం మీద కూర్చుంటుంది, తల వంచి గోకమంటుంది. మగది ఈల బాగా వేస్తుంది, నేర్పితే నాలుగు మాటలు పలుకుతుంది.

కాని దీనిలో రెండు చిక్కులున్నాయి. మొదటిది, దీని ఈకల్లోంచి తెల్లటి పొడి రాలుతుంది. టేబుల్ మీద, టీవీ మీద పౌడరు చల్లినట్టు కనిపిస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్లకు, ఆయాసపడే పెద్దవాళ్లకు ఇది పనికిరాదు. రెండోది, ఇది పదిహేను నుంచి ఇరవై ఏళ్లు బతుకుతుంది. ఆరో తరగతి చదివే అమ్మాయి ముచ్చటపడిందని తెస్తే, ఆ అమ్మాయి అత్తారింటికి వెళ్లిపోయాక కూడా పక్షి మన దగ్గరే ఉంటుంది. రోజూ ఒక గంటో రెండు గంటలో పంజరం బయట, మన మధ్య తిరగాలి. లేకపోతే అరుస్తుంది, తన ఈకలు తనే పీక్కుంటుంది.

కాగితం ముక్క సంగతి

పరదేశపు పక్షి కదా, ఏదైనా కొనుక్కోవచ్చు అనుకోకండి. 2022 సవరణ తర్వాత, సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం జాబితాల్లో ఉన్న ప్రాణిని ఇంట్లో ఉంచుకుంటే ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలి. 2024లో వీటికి నియమాలు కూడా వచ్చాయి. పరివేష్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో దరఖాస్తు పెట్టాలి. బడ్జీ, కాకటీల్, గులాబిముఖం లవ్ బర్డ్ ఈ మూడూ ఆ జాబితాల్లో లేవు. కాని ఫిషర్స్, మాస్క్‌డ్ లవ్ బర్డ్స్ ఉన్నాయి. ఈమధ్య బాగా అమ్ముతున్న కనూర్ చిలకలూ ఉన్నాయి. కాబట్టి లవ్ బర్డ్ కంటి చుట్టూ తెల్లటి రింగు ఉంటే, నమోదు కాగితాలు ఇమ్మని అడగండి. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి.

మన ఇంటికి ఏది?

ఇప్పుడు మన గడియారం చూసుకుందాం. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లి, పిల్లలు బడికి వెళ్లి, పగలంతా తాళం వేసి ఉండే ఇంటికి బడ్జీల జంట చాలు. అది కూడా పొద్దున్నా సాయంత్రం ఎవరో ఒకరు శ్రద్ధ పెట్టగలిగితేనే. పగలంతా ఇంట్లో ఒక్కరే ఉండే గృహిణికి, ఆయాసం గియాసం లేకపోతే, కాకటీల్ మంచి తోడు. మధ్యాహ్నం బియ్యం ఏరుకుంటుంటే పక్కన కూర్చుని ఈల వేస్తుంది. చిన్నపిల్లలున్న ఇంటికి బడ్జీయే మేలు. కొరికినా దెబ్బ పెద్దది కాదు. కాని పిల్లల చేతికి పక్షిని ఇవ్వకూడదు. అంత చిన్న పక్షిని గుప్పిట్లో గట్టిగా పట్టుకుంటే ఊపిరాడక చచ్చిపోతుంది. చూడ్డం వేడుకే గాని చేతిలోకి తీసుకోం అనేవాళ్లకి, పెద్ద పంజరం పెట్టే చోటు ఉన్నవాళ్లకి లవ్ బర్డ్స్ జంట.

నెలకి రెండు సార్లు ఊళ్లు తిరిగేవాళ్లకి, బదిలీల మీద ఉన్నవాళ్లకి మాత్రం నేను చెప్పేది ఒక్కటే. ఏదీ వద్దు. డాబా మీద ఒక మట్టి మూకుడులో నీళ్లు, ఒక పళ్లెంలో గింజలు పెట్టండి. పిచ్చుకలో, గోరింకలో, అదృష్టం బాగుంటే రామచిలుకలో వచ్చి వాలతాయి. పంజరం ఖర్చు కూడా ఉండదు.

కొనేటప్పుడు

పొద్దున్న పూటే వెళ్లండి. దగ్గరకు వెళ్లకుండా కాసేపు దూరం నుంచి చూడండి. ఆరోగ్యంగా ఉన్న పక్షి కళ్లు మెరుస్తుంటాయి, ఒళ్లు నున్నగా ఉంటుంది, అటూ ఇటూ గెంతుతుంటుంది. ఒళ్లు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని, పంజరం అడుగున కూర్చున్నదాన్ని "పాపం, నెమ్మదస్థురాలు" అనుకోకండి. అది జబ్బు పక్షి. తోక వెనక రెట్ట అంటుకుని ఉన్నా, ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగుతున్నా కొనకండి.

పంజరం ఎత్తు కంటే వెడల్పు ముఖ్యం. పక్షి అడ్డంగా ఎగురుతుంది గాని లిఫ్టులో వెళ్లినట్టు నిలువుగా కాదు కదా! బడ్జీల జంటకి కనీసం రెండున్నర అడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉండాలి. ఊచల మధ్య ఖాళీ అర అంగుళం మించితే తల ఇరుక్కుంటుంది. గుండ్రటి పంజరం బొమ్మల్లో బాగుంటుంది, అంతే. వాలడానికి ప్లాస్టిక్ పుల్లలకు బదులు జామకొమ్మ కడిగి పెట్టండి. లావూ సన్నమూ కలిసి ఉంటే కాళ్లకు మంచిది, ఆ బెరడు కొరుక్కుంటూ కాలక్షేపం కూడా అవుతుంది.

వంటింటికి దూరంగా

ఇది మన రాజ్యంలోని విషయం కాబట్టి శ్రద్ధగా వినండి. పక్షుల ఊపిరితిత్తులు మనవాటి కంటే చాలా చురుగ్గా గాలిని లోపలికి లాక్కుంటాయి. గాలిలో విషం ఉంటే మనకంటే ముందు వాటికే తగులుతుంది. అందుకే బ్రిటన్‌లో బొగ్గు గనుల్లోకి కేనరీ పిట్టల్ని తీసుకెళ్లేవారు. ఆ పద్ధతి 1986 దాకా ఉంది. మన ఇళ్లల్లో అంత ప్రమాదం నాన్‌స్టిక్ పెనం. దోసె వేద్దామని ఖాళీ పెనం స్టవ్ మీద పెట్టి, ఫోను వచ్చిందని వెళ్లి మరిచిపోతే, బాగా కాలిపోయిన ఆ పూత నుంచి వచ్చే ఆవిరి పక్కగదిలో ఉన్న పక్షిని కూడా నిమిషాల్లో చంపేయగలదు. మనకు వాసన కూడా తెలియకపోవచ్చు. పక్షి ఉన్న ఇంట్లో దోసెకి ఇనప పెనమే ఉత్తమం. మిరపకాయల తాలింపు ఘాటు, దోమల చుట్ట పొగ, సాంబ్రాణి, అగరొత్తులు, దీపావళి మందుగుండు పొగ, ఇవేవీ దానికి తగలకూడదు. పక్షిని పంజరంలోంచి వదిలేటప్పుడు ముందు సీలింగు ఫ్యాను ఆపండి, నీళ్ల బకెట్టు మీద మూత పెట్టండి, కిటికీ అద్దాలకు పరదా వెయ్యండి.

హాలులో పంజరం పెడితే ఇంకో ఇబ్బంది. ఈ పక్షులకు రోజూ పది పన్నెండు గంటల నిద్ర కావాలి. రాత్రి పదకొండు దాకా టీవీ సీరియళ్లు చూస్తూ దాని కళ్లల్లో లైటు కొడితే అది నీరసించిపోతుంది. చీకటి పడ్డాక పంజరాన్ని నెమ్మదైన గదిలోకి మార్చండి. కాకటీల్‌కి కటిక చీకట్లో ఉలిక్కిపడి రెక్కలు కొట్టుకునే అలవాటు ఉంది, దానికి చిన్న బెడ్‌ల్యాంపు ఉంచాలి.

తిండి

గింజల్లో కొర్రలు, వరిగలు, సామలు, కొద్దిగా సజ్జలు కలిపి పెట్టండి. చిరుధాన్యాలు మన ఊళ్లో కరువా? కాని గింజలొక్కటే పెడితే ఒళ్లు కొవ్వెక్కి, లోపల సత్తువ లేకుండా పోతుంది. తోటకూర, కొత్తిమీర, మునగాకు, కారెట్ తురుము, మొలకెత్తిన పెసలు రోజూ కొంచెం ఇవ్వాలి. ఆకుకూరల మీద కొట్టిన మందు పోయేలా బాగా కడగాలి. సున్నం కోసం సముద్రపు నురుగు అని అమ్మే తెల్లటి ముక్కను ఊచలకు కట్టండి. తిన్న గింజల పొట్టు గిన్నెలోనే మిగిలి, గిన్నె నిండుగా ఉన్నట్టు కనిపిస్తుంది. అది చూసి మోసపోకండి. రోజూ పొట్టు ఊది చూడాలి. ఇంత చిన్న ప్రాణి ఒక్కరోజు పస్తుంటే తట్టుకోలేదు.

పాలన్నం, పెరుగన్నం పెట్టే అలవాటు మనలో ఉంది. పక్షులకు పాలు అరగవు. చేగోడీలు, చిప్సు, పచ్చళ్ల లాంటి ఉప్పు వస్తువులు పనికిరావు. చాక్లెట్, కాఫీ, టీ, ఈమధ్య మన మార్కెట్లలోకీ వచ్చిన అవకాడో పండు, ఇవి విషంతో సమానం.

ఎండా, జబ్బూ, సంతానమూ

మన వేసవి సంగతి చెప్పనక్కర్లేదు. పడమటి ఎండ కొట్టే బాల్కనీలో పంజరం వేలాడదీయకండి. పక్షి నోరు తెరుచుకుని, రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకుని రొప్పుతోందంటే వడ తగులుతోందని అర్థం. వెంటనే నీడకు, చల్లటి చోటుకు మార్చి నీళ్లు పెట్టాలి. రోజూ స్నానానికి వెడల్పాటి గిన్నెలో నీళ్లు పెడితే ఎంత సంబరపడతాయో!

పక్షి జబ్బును దాచుకుంటుంది. నీరసపడిన పక్షి మందలో అందరికంటే ముందు గద్దకు చిక్కుతుంది కాబట్టి, చివరిదాకా బాగున్నట్టే ఉండటం దాని నైజం. మన కంటికి కనిపించేసరికే ఆలస్యం అవుతుంది. తిండి తగ్గినా, రెట్ట రంగు మారినా ఆ రోజే పశువుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. మనవైపు నుంచి ఇంకో జాగ్రత్త. చిలక జాతి పక్షుల ఎండిన రెట్ట ధూళి వల్ల మనుషులకు జ్వరం, దగ్గు రావచ్చు. పొడిగా ఉన్నప్పుడు చీపురుతో ఊడ్చకుండా, తడిగుడ్డతో తుడవండి. ఎవరికైనా తగ్గని జ్వరం వస్తే, ఇంట్లో పక్షులున్నాయని డాక్టరుకు మరచిపోకుండా చెప్పండి.

పోతే, బడ్జీల పంజరంలో చిన్న కుండ కట్టడం ఒక వేడుక. కుండ కడితే గుడ్లు, గుడ్లు పెడితే పిల్లలు. రెండు కాస్తా ఏడాదికి ఇరవై అయ్యాక పంచడానికి బంధువుల ఇళ్లు వెతుక్కోవాలి. గుడ్డు అడ్డంపడి ఆడపక్షి ప్రాణం మీదికి కూడా రావచ్చు. పిల్లల్ని పెంచే ఓపిక లేకపోతే కుండ కట్టకండి. ఆడపక్షికి విశ్రాంతి లేని కాపురం మనం అంటగట్టకూడదు.

చివరగా ఒక మాట. పెంచలేక విసుగొచ్చినప్పుడో, పండగనాడు పుణ్యం వస్తుందనో కొందరు ఈ పక్షుల్ని గాలిలోకి వదిలేస్తారు. తిండి వెతుక్కోవడం గాని, కాకి నుంచి తప్పించుకోవడం గాని వీటికి తెలియదు. సాయంత్రం దాకా బతికితే గొప్ప. అది విడుదల కాదు, వీధిన పడేయడం. వద్దనుకుంటే పెంచే ఓపిక ఉన్న మరో ఇంటికి పంజరంతో సహా ఇవ్వండి.

పంజరం తలుపు చిన్నదే. అయినా దాని గడియ వేసిన రోజున ఆ ప్రాణి ఆకలీ, ఎండా, నిద్రా, తోడూ అన్నీ మన చేతుల్లోకి వచ్చేస్తాయి. ఆ బాధ్యత అయిదేళ్లు మొయ్యగలమా, ఇరవై ఏళ్లు మొయ్యగలమా అన్నది ముందు ఇంట్లో నలుగురూ కూర్చుని తేల్చుకోండి. పంజరం తర్వాత కొనొచ్చు.